ఫైర్‌ప్లేస్ పొగంతా గదిలోకే వస్తోంది: చిమ్నీ కొలతలు ఎలా ఉండాలి?

కొండగాలి | లంబసింగి దగ్గర | డిసెంబర్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. లంబసింగి దగ్గర మాకు చిన్న హోమ్‌స్టే ఉంది. ఈ ఏడు హాల్లో ఫైర్‌ప్లేస్ కట్టించాం. చూడ్డానికి చాలా బాగుంది కానీ వెలిగిస్తే పావుగంటలో గదంతా పొగ. కళ్లు మండి అతిథులు బయటికి వెళ్లిపోతున్నారు. కట్టిన కాంట్రాక్టర్‌ను అడిగితే కట్టెలు పచ్చివి అంటున్నాడు. ఎండు కట్టెలు తెప్పించినా అదే తంతు.

సంక్రాంతికి గదులన్నీ బుక్ అయిపోయాయి. టెన్షన్‌గా ఉంది. పగలగొట్టకుండా సరిచేసే దారి ఏదైనా ఉందా?

సివిల్‌బాబాయ్ | హైదరాబాద్ | డిసెంబర్ 7, రాత్రి 10:15

అమ్మా, టేపు పట్టుకుని ఈ కొలతలు తీసి పెట్టండి. పొయ్యి నోరు వెడల్పు, ఎత్తు. పొగగొట్టం లోపలి కొలత (బయటిది కాదు). పొయ్యి అడుగు నుంచి గొట్టం చివరి దాకా ఎత్తు. శ్లాబు పైన గొట్టం ఎంత లేచింది, దాని చుట్టూ పది అడుగుల్లో ఏమేం ఉన్నాయి. లింటెల్ (పొయ్యి నోటి మీది అడ్డదూలం) వెనకాల లోపలికి టార్చి వేసి చూసి, అక్కడ ఎలా కట్టారో కూడా చెప్పండి. ఇవి లేకుండా ఎవరేం చెప్పినా అది ఊహే.

కొండగాలి | డిసెంబర్ 8, ఉదయం 8:05

బాబాయ్ గారూ, ఇవిగో. నోరు 42 అంగుళాల వెడల్పు, 36 ఎత్తు. గొట్టం లోపల 9 బై 9 అంగుళాలు, ఇటుక కట్టుబడి, లోపల ప్లాస్టరింగ్ లేదు. ఇంటి బయటి గోడకు ఆనించి కట్టారు. శ్లాబు మీద రెండడుగులు లేచింది. పిట్టగోడ మూడడుగులు. ఎనిమిది అడుగుల దూరంలో మెట్ల గది ఉంది, అది శ్లాబు మీద ఏడున్నర అడుగుల ఎత్తు. పొయ్యి అడుగు నుంచి గొట్టం కొస దాకా మొత్తం 12న్నర అడుగులు. హాలు 15 బై 13, పదడుగుల ఎత్తు.

టార్చి వేసి చూశాను. లింటెల్ మీద అడ్డంగా ఒక కడప బండ పరిచారు. దాని మధ్యలో గొట్టానికి చదరంగా కన్నం కోశారు. అంతే.

ఇటుకబట్టి | కూనూరు | డిసెంబర్ 8, ఉదయం 9:30

అక్కా, ఆ బండ గురించి చదవగానే సగం అర్థమైంది. మాది రాజమండ్రి, మా నాన్న నీలగిరిలో పాత బంగళాల ఫైర్‌ప్లేసులు బాగుచేసే పనిలో ఉండేవారు, ఇప్పుడు నేను చేస్తున్నాను. పొయ్యిలో లేచిన పొగ బల్లపరుపు బండకు కొట్టుకుని ముందుకు, అంటే గదిలోకి తిరుగుతుంది. మధ్యలో ఉన్న కన్నాన్ని వెతుక్కుంటూ పోదు.

ఉండాల్సింది ఇలా. లింటెల్ వెనక గొంతు: వెడల్పు నోరంత, లోతు నాలుగంగుళాలు. దాని మీద రెండు పక్కల నుంచీ ఏటవాలుగా లోపలికి వంగుతూ గొట్టంలో కలిసే పొగగూడు. ఆ వాలు నిలువుకు 45 డిగ్రీలు దాటకూడదు. ఇటుకల మెట్లు మెట్లుగా వదిలేయకుండా ఫైర్‌క్లే గారతో చెయ్యి పెట్టి నిమిరితే జారిపోయేంత నున్నగా పూయాలి. మామూలు సిమెంటు ఆ వేడికి పగిలి రాలిపోతుంది.

సివిల్‌బాబాయ్ | డిసెంబర్ 8, ఉదయం 11:00

ఇటుకబట్టి చెప్పింది అక్షరాలా నిజం. అయితే బండ తీసేసినంత మాత్రాన మీ పొగ ఆగదమ్మా. అసలు తేడా నోటికీ గొట్టానికీ మధ్య ఉంది.

మీ నోరు 42 ఇంటూ 36, అంటే 1512 చదరపు అంగుళాలు. గొట్టం 9 ఇంటూ 9, అంటే 81. పద్దెనిమిదో వంతు కూడా లేదు. తెరిచిన ఫైర్‌ప్లేస్‌కు చదరపు గొట్టం నోటిలో పదో వంతు ఉండాలి. గుండ్రటి గొట్టమైతే, ఎత్తు బాగా ఉంటే, పన్నెండో వంతుతో సరిపెట్టొచ్చు. చదరపు గొట్టం మూలల్లో పొగ సరిగా కదలదు కాబట్టి ఆ తేడా. గొట్టం 15 అడుగుల కంటే పొట్టిదైతే ఎనిమిదో వంతు ఇవ్వడం మంచిది. బ్రిటన్ నిబంధనల్లో పెద్ద నోళ్లకు ఇంకా ఎక్కువ, 15 శాతం అడుగుతారు.

మన దగ్గర చేసేది తలకిందులు. ఫొటో చూసి నోరు పెద్దగా పెట్టేస్తారు, గొట్టం మాత్రం తొమ్మిదంగుళాల గోడలో ఎంత పడితే అంత. ముందు గొట్టం ఎంత ఇవ్వగలమో, ఎంత ఎత్తు లేపగలమో తేల్చుకుని నోరు దాన్ని బట్టి పెట్టాలి.

గాలివాటం | విజయనగరం | డిసెంబర్ 8, మధ్యాహ్నం 2:20

ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి ఈ లెక్క వేయకుండా ఉండలేకపోయాను. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

చిమ్నీలో పొగను పైకి లాగేది లోపలి వేడి గాలికీ బయటి చల్లగాలికీ ఉన్న బరువు తేడా. ఆ లాగుడును పాస్కళ్లలో (ఒత్తిడి కొలమానం) లెక్కకట్టే సూత్రం: 3460ని గొట్టం ఎత్తుతో (మీటర్లలో) గుణించి, దాన్ని (1/బయటి ఉష్ణోగ్రత మైనస్ 1/లోపలి ఉష్ణోగ్రత)తో గుణించాలి. ఉష్ణోగ్రతలు కెల్విన్‌లో (సెల్సియస్ డిగ్రీలకు 273 కలపాలి).

రాత్రి బయట 10 డిగ్రీలు, గొట్టంలో సగటున 80 డిగ్రీలు అనుకుందాం. తెరిచిన పొయ్యిలో గది గాలి బోలెడంత కలిసిపోతుంది కాబట్టి గొట్టం అంతకంటే పెద్దగా వేడెక్కదు. పన్నెండున్నర అడుగులంటే 3.8 మీటర్లు. లాగుడు 9 పాస్కళ్లు. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పదో వంతు పలచన. కాబట్టి 8 అనుకోండి.

ఇక లాగుడు ఎంత కావాలో చూద్దాం. నోటి దగ్గర గాలి సెకనుకు పావు మీటరు వేగంతోనైనా లోపలికి వెళ్తుంటేనే పొగ గదిలోకి జారదు. మీ నోరు 0.98 చదరపు మీటర్లు, అంటే సెకనుకు 0.24 ఘనపు మీటర్ల గాలి. అది వేడెక్కి వ్యాకోచించి 0.3 అవుతుంది. అదంతా 81 చదరపు అంగుళాల గొట్టంలోంచి పోవాలంటే సెకనుకు దాదాపు 6 మీటర్ల వేగం కావాలి. గొంతు, రాపిడి, కొసన నష్టం అన్నీ కలుపుకుంటే అందుకు 45 పాస్కళ్ల దాకా అవసరం. మీ చేతిలో ఉన్నవి 8.

కట్టెలు ఎంత ఎండినవి వేసినా ఈ లెక్క మారదు. మధ్యాహ్నం బయట 25 డిగ్రీలున్నప్పుడైతే ఆ 8 కాస్తా 6 అవుతుంది. పగలు వెలిగిస్తే పొగ ఇంకా ఎక్కువ వస్తోందా?

కొండగాలి | డిసెంబర్ 8, సాయంత్రం 6:10

అవునండీ. సాయంత్రం నాలుగింటికి ఫొటోల కోసం వెలిగించమంటారు, అప్పుడు మరీ ఘోరం. తెల్లారుజామున కొంత నయం. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఇటుకబట్టి | డిసెంబర్ 8, రాత్రి 7:45

ఏదీ కొట్టకముందు ఒక పరీక్ష చేయండి అక్కా. నోటి వెడల్పుకు సరిపడా ఒక రేకు కోయించండి. మంట బాగా అందుకున్నాక ఆ రేకును లింటెల్ కింద అడ్డంగా ఆనించి మెల్లగా కిందికి దించుతూ రండి. ఒకచోట పొగ బయటికి రావడం ఆగిపోతుంది. అక్కడ చాక్‌పీసుతో గీత పెట్టండి. అగరొత్తి రేకు అంచు దగ్గర పట్టుకుంటే పొగ ఎటు పోతోందో స్పష్టంగా కనిపిస్తుంది. చేతులకు తోలు గ్లవ్స్ వేసుకోండి, రేకు త్వరగా కాలుతుంది.

వంటిల్లు | ఖమ్మం జిల్లా | డిసెంబర్ 8, రాత్రి 8:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అత్తగారు కట్టెల పొయ్యి వదలరు. గ్యాస్ ఉన్నా అన్నం, పప్పు దాని మీదే. దానికి నాలుగంగుళాల సిమెంటు రేకు పైపు పెట్టి పెంకుల పైకి తీశాం. మొదట్లో బాగానే లాగింది, ఇప్పుడు పొగ వెనక్కి తంతోంది. పెద్ద పైపు వేయాలా?

సివిల్‌బాబాయ్ | డిసెంబర్ 8, రాత్రి 9:50

ముందు పైపు విప్పి లోపల చూడండమ్మా. మొదట లాగి తర్వాత మానేసిందంటే కొలత తప్పు కాదు, మసి పేరుకుంది. నాలుగంగుళాల పైపులో చుట్టూ అరంగుళం మసి పడితే మిగిలేది మూడంగుళాల దారి. అంటే వైశాల్యంలో దాదాపు సగం పోయినట్టే.

పొగలేని పొయ్యిలకు మన హైదరాబాద్‌లో పెద్ద చరిత్రే ఉంది. 1950ల్లో హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని తయారుచేశారు. ఆ ల్యాబ్ పేరులోని ఇంగ్లిష్ పొడి అక్షరాల మీదే దాన్ని హెర్ల్ చుల్హా అన్నారు. ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ ఎలా పాడవుతున్నాయో అంత ముందే గుర్తించి, పేదింటివాళ్లు కూడా కట్టుకోగలిగేలా చేశారు. ఆ తర్వాత 1980ల నుంచి 2002 దాకా కేంద్రం పొగలేని పొయ్యిల పథకం నడిపింది, దేశమంతా కోట్లలో కట్టారు. మా సర్వీసులో అలాంటివి ఎన్నో చూశాను. పొయ్యి కట్టి వెళ్లిపోయారు తప్ప పైపు ఎలా విప్పాలి, మసి ఎలా దులపాలి అన్నది ఇంట్లో వాళ్లకు ఎవరూ చూపించలేదు. పైపు పూడుకుపోగానే పొయ్యి వెనక కన్నం మూసేసి మళ్లీ పాత పద్ధతిలోనే వండుకున్నారు. మంచి ఆలోచన అలా వృథా అవడం నాకు ఇప్పటికీ బాధే.

మీ విషయానికొస్తే, సిమెంటు రేకు పైపులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాన్ని కోయొద్దు, పొడిగా గీకొద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. తడిపి జాగ్రత్తగా దించేసి, బదులుగా స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు వేయండి. ఒక్క వంట పొయ్యికి నాలుగంగుళాలు చాలు, రెండు మూడు గిన్నెలు ఒకేసారి పెట్టే పెద్ద పొయ్యి అయితే ఆరు. మరీ పెద్ద పైపు వేస్తే పొగ అందులో చల్లబడిపోయి లాగుడు తగ్గుతుంది.

వంటిల్లు | డిసెంబర్ 8, రాత్రి 10:20

చాలా థ్యాంక్సండీ. ఇంకో మాట. పక్కింటివాళ్లు జీఐ పైపు వేశారు, చవక కదా. అది వాడొచ్చా?

ఇటుకబట్టి | డిసెంబర్ 9, ఉదయం 7:15

మంట తగిలేచోట వద్దక్కా. జీఐ మీద ఉండేది జింకు పూత, అది 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంట నాలుక నేరుగా పైపులోకి వెళ్తే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

మిన్నెసోటా_తెలుగు | డిసెంబర్ 9, ఉదయం 9:05

ఇక్కడ మా ఇంట్లో కట్టెల స్టవ్ ఉంది, నాలుగైదు నెలలు రోజూ వాడతాం. కొండగాలి గారూ, మీ మెట్ల గది కొలత చూసి ఆగిపోయాను. అమెరికాలో చిమ్నీ ఎత్తుకు ఒక నియమం ఉంది. కప్పు మీద కనీసం మూడడుగులు లేవాలి, చుట్టూ పదడుగుల లోపు ఏది ఎత్తుగా ఉన్నా దానికంటే రెండడుగులు పైకి ఉండాలి. మీ గొట్టం పిట్టగోడ కంటే కూడా కిందే ఆగిపోయింది. గాలి పిట్టగోడ దాటి సుడి తిరిగి గొట్టంలోకే దిగుతుంది. మెట్ల గది ఏడున్నర అడుగులు కాబట్టి మీ గొట్టం శ్లాబు మీద కనీసం తొమ్మిదిన్నర ఉండాలి.

ఇంకోటి కూడా ఆలోచించండి. తెరిచిన ఫైర్‌ప్లేస్‌లో వేడి ఎక్కువ భాగం గొట్టంలోంచి బయటికే పోతుంది. తలుపున్న స్టవ్ అయితే తక్కువ కట్టెలతో గది వెచ్చబడుతుంది, పొగా తక్కువే. ఇక్కడ 2020 నుంచి అమ్మే కొత్త స్టవ్‌లు పరీక్ష పద్ధతిని బట్టి గంటకు రెండు లేదా రెండున్నర గ్రాముల కంటే ఎక్కువ పొగధూళి వదలకూడదు. చాలావాటికి ఆరంగుళాల గొట్టం సరిపోతుంది.

స్టవ్ పెడితే మాత్రం దాని పైపును మీ 9 బై 9 గొట్టంలో ఊరికే దూర్చేసి వదలొద్దు. ఆరంగుళాల పైపు వైశాల్యం 28 చదరపు అంగుళాలు, మీది 81. గొట్టం బయటి గోడ మీద ఉన్నప్పుడు దాని వైశాల్యం స్టవ్ పొగ బయటికి వచ్చే మూతికి రెండింతలు దాటకూడదని ఇక్కడి నియమం. మీది మూడింతలకు దగ్గర. పొగ చల్లారి క్రియోసోట్‌గా గోడలకు అంటుకుంటుంది. జిగటగా, నల్లగా, మెరుస్తూ ఉంటుంది. దానికి నిప్పు తగిలితే చిమ్నీ లోపలే మంట లేస్తుంది. స్టీల్ పైపును కొస దాకా తీసుకెళ్లాలి.

కొండగాలి | డిసెంబర్ 10, రాత్రి 9:15

రేకు పరీక్ష చేశాం. మా ఆయన రేకు పట్టుకున్నారు, నేను అగరొత్తి పట్టుకున్నాను. దించుతుంటే 30 అంగుళాల దగ్గర కూడా పొగ అంచు కింద నుంచి చుట్టలు తిరుగుతూ ముందుకే వచ్చింది. 24 దగ్గర తగ్గింది. 22 దగ్గర అగరొత్తి పొగ గీత ఒక్కసారిగా పొయ్యి వైపు వంగి లోపలికి లాక్కున్నట్టు వెళ్లిపోయింది. ఆ గీత వంగడం కళ్లారా చూశాక ఇక అనుమానం లేదు.

స్టవ్ ఆలోచన నచ్చింది. కానీ అతిథులు మంట చూడ్డానికే వస్తారు కాబట్టి ఈసారికి తెరిచిన పొయ్యినే సరిచేసుకుంటాం. వంటగదిలో కట్టెల పొయ్యి కూడా ఉంది, దాని పైపును ఇదే గొట్టంలో కలిపేస్తే ఖర్చు తగ్గుతుందని మేస్త్రి అంటున్నాడు. కలపొచ్చా?

సివిల్‌బాబాయ్ | డిసెంబర్ 10, రాత్రి 10:00

వద్దు. ఒక గొట్టానికి ఒకే పొయ్యి. ఒకటి వెలగనప్పుడు దాని నోటి నుంచి చల్లగాలి దూరి రెండోదాని లాగుడును చంపేస్తుంది, లేదా ఒకదాని పొగ ఇంకోదాంట్లోంచి ఇంట్లోకి దిగుతుంది. అతిథులు పడుకునే ఇంట్లో ఆ సాహసం చేయకూడదు.

మీ 22 అంగుళాల దగ్గర లెక్క చూడండి: 42 ఇంటూ 22 అంటే 924, గొట్టం అందులో పదకొండో వంతు. నియమం చెప్పిన పదో వంతుకు దగ్గరికి వచ్చారు. కానీ 42 వెడల్పు, 22 ఎత్తు అంటే చూపుకు బాగోదు. రెండు పక్కలా లోపలి నుంచి ఇటుక కట్టి నోరు 30 బై 26 చేయండి, 780 చదరపు అంగుళాలు. గొట్టం అందులో పదో వంతుకు కాస్త ఎక్కువే.

పక్క గోడలను నిటారుగా కాకుండా వెనక్కి వాలుగా, వెనక గోడతో 135 డిగ్రీల కోణంలో కట్టించండి. 1790ల్లో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త లండన్‌లో పొగ కక్కే ఫైర్‌ప్లేసులను ఇలాగే బాగుచేసి పేరు తెచ్చుకున్నాడు. నోరు తగ్గించి, గొంతు నాలుగంగుళాలకు కుదించి, పక్క గోడలు వాల్చాడు. ఆ వాలు గోడలు మంట వేడిని గదిలోకి తిప్పి కొడతాయి. నోరు చిన్నదైనా మీ గది ముందుకంటే వెచ్చగా ఉంటుంది.

గాలివాటం | డిసెంబర్ 11, ఉదయం 6:50

30 బై 26కి లెక్క వేశాను. గొట్టంలో వేగం సెకనుకు 3 మీటర్లకు తగ్గుతుంది, కావాల్సిన లాగుడు దాదాపు 12 పాస్కళ్లు. ఇప్పటి ఎత్తుకు 8 మాత్రమే వస్తుంది కాబట్టి నోరు తగ్గించడం ఒక్కటే చాలదు. గొట్టాన్ని మొత్తం 20 అడుగులకు లేపితే 13 వస్తుంది. అప్పుడు రాత్రిపూట సరిపోతుంది. పగలు 10 దగ్గర ఉంటుంది కాబట్టి నాలుగింటి ఫొటోలకు చిన్న మంట చాలు.

గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ పొయ్యి గంటకు 450 ఘనపు మీటర్ల గాలి మింగుతుంది. మీ హాలు మొత్తం 55. అంటే గంటకు ఎనిమిది సార్లు గది గాలంతా మారాలి. చలికని కిటికీలన్నీ బిగిస్తే ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుంది? రాకపోతే చిమ్నీలోంచే వెనక్కి దిగుతుంది. పొయ్యి దగ్గర గోడ అడుగున ఆరంగుళాల పైపులు రెండు బయటికి తీయించండి, జాలీ బిగించి. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పొగ ఎక్కువవుతోందా అన్నది కూడా గమనించండి.

మిన్నెసోటా_తెలుగు | డిసెంబర్ 11, ఉదయం 8:40

కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా పెట్టండి, హాల్లో ఒకటి, పక్క పడకగదిలో ఒకటి. ఆ గ్యాస్‌కు రంగూ వాసనా ఉండవు. పడకగదిలో కుంపటి పెట్టమని ఎవరైనా అతిథి అడిగినా ఇవ్వకండి. తలుపులేసుకుని నిప్పుల దగ్గర పడుకుంటే ప్రాణాలే పోతాయి.

పొయ్యి చుట్టూ చెక్క ప్యానెల్ ఉందా? నోటి అంచు నుంచి ఆరంగుళాల లోపు చెక్క అస్సలు ఉండకూడదు. పైన బల్ల పెట్టాలంటే కనీసం పన్నెండు అంగుళాలు వదలండి.

ఇటుకబట్టి | డిసెంబర్ 11, ఉదయం 10:10

శ్లాబు మీద పదడుగుల ఇటుక గొట్టం విడిగా నిలబెట్టడం మంచిది కాదక్కా, ఈదురుగాలికి ఊగుతుంది. పిట్టగోడ దాకా ఇటుక కట్టి, ఆపైన లోపల 9 బై 9కి తగ్గకుండా రెండు పొరల స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం పెట్టించండి, గుండ్రటిదైతే పదంగుళాలది తీసుకోండి. పొరల మధ్యలో రాక్‌ఊల్ (వేడిని ఆపే రాతి ఉన్ని) ఉంటే పొగ చల్లారదు. మూడు వైపులా తీగలతో బిగించండి. బయటి గోడ మీద ఉన్న ఇటుక భాగానికి లోపల ఫైర్‌క్లే పూత తప్పనిసరి, కీళ్లలోంచి చల్లగాలి దూరకుండా.

చలి ఉదయాల్లో గొట్టంలో చల్లగాలి బరువుగా కూర్చుని ఉంటుంది. కట్టెలు అంటించే ముందు రెండు న్యూస్‌పేపర్లు మెలిపెట్టి, అంటించి, గొంతు దగ్గర పట్టుకోండి. గాలి పైకి తిరిగాక కట్టెలు వెలిగించండి.

కొండగాలి | జనవరి 9, రాత్రి 10:30

పని పూర్తయింది. బండ తీయించాం, పొగగూడు వాలుగా కట్టి నున్నగా పూయించాం, నోరు 30 బై 26 చేయించాం. మెట్ల గది కంటే ఎత్తుగా స్టీల్ గొట్టం, గోడ అడుగున రెండు పైపులు. ఈ రాత్రి బయట 6 డిగ్రీలు. మంట వెలిగించి అతిథులంతా చుట్టూ కూర్చున్నారు, అగరొత్తి పట్టి చూస్తే గీత అంతా లోపలికే పోతోంది. పైపులకు మూత పెట్టి చూశాం, కాసేపటికే పొగ వాసన మొదలైంది. తీయగానే పోయింది. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

ఒక్క సందేహం మిగిలింది. కోతులు, వాన. పైన మూత ఎంత ఎత్తులో పెట్టాలి? మసి ఎప్పుడు దులపాలి?

ఇటుకబట్టి | జనవరి 10, ఉదయం 7:30

చాలా సంతోషం అక్కా. మూతకూ గొట్టం కొసకూ మధ్య కనీసం గొట్టం వెడల్పులో సగం ఖాళీ ఉండాలి, మీకు ఐదంగుళాలు వదలండి. చుట్టూ అర అంగుళం కన్నాల స్టీల్ జాలీ బిగిస్తే కోతులూ పక్షులూ దూరవు. అంతకంటే సన్న జాలీ వద్దు, మసికి పూడుకుపోతుంది. సీజన్‌లో నెలకోసారి జాలీ చూడండి. ఏడాదికోసారి, వానలు తగ్గి చలి మొదలయ్యే ముందు, పైనుంచి స్టీల్ బ్రష్ దించి గొట్టమంతా దులిపించండి. అప్పుడు పొయ్యి నోటికి తడి గోనెసంచి కట్టేయండి, లేకపోతే హాలంతా మసే. కట్టెలు మాత్రం వేసవిలోనే కొని, చీల్చి, పైన రేకు కప్పి, పక్కల గాలి ఆడేలా పేర్చుకోండి. తేమ 20 శాతం కంటే తగ్గిన కట్టెకు మసి తక్కువ పడుతుంది.